తెర వెనుక పాచిక

పందెము లేక, గెలుపోటముల లెక్క లేక, కేవలము మాటలతోడను పాచికలతోడను నడచు ఆట యొకటి యాబది యేండ్లుగా పాశ్చాత్యదేశములందు ప్రచారము నొంది, నేడు మన నగరముల యువజనులకును పరిచితమైనది. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టును కూర్చుండి, ఒకరు ఖడ్గవీరుని, ఒకరు మాంత్రికురాలిని, ఒకరు చేతివాటము గల దొంగను తమ పాత్రగా స్వీకరించి, ఆ పాత్ర యేమి చేయునో యేమి పలుకునో తామే నిర్ణయించుచుండగా, మిగిలిన లోకమంతయు, అనగా కొండలు, కోటలు, రాక్షసులు, సత్రములో వండిపెట్టు అవ్వ, సంతలో మోసము చేయు వర్తకుడు, ఒక్కని యధీనమందుండును. ఆ యొక్కనికి గేమ్ మాస్టరని పేరు. ఈ గేమ్ మాస్టరు తన ముందు అట్టతో చేసిన మడతతెర నొకదానిని నిలుపుకొని, దాని చాటున కథ నడపుట పూర్వాచారము. ఆ తెర యవసరమా, అనవసరమా యన్న వివాదము ఆడువారిలో నేటికిని తెగలేదు. కథ చెప్పువానికిని వినువానికిని నడుమ నుండవలసిన నమ్మకమునకు సంబంధించిన వివాదమగుటచే, ఈ యాట నెన్నడు నాడనివారికిని ఇది తెలిసికొనదగినదని నా తలంపు.

1947 జూలైలో మద్రాసున నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన ‘చందమామ’లో బేతాళకథలు చదివి పెరిగినవారికి ఈ యాట తత్త్వము సులభముగా బోధపడును. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న యడుగును. విక్రమార్కుడు మౌనము వీడి సమాధానము చెప్పును. కాని యా సమాధానము వలన కథలోని రాజకుమారుని గతి మారదు, ఆ కథ యప్పటికే ముగిసినది. ఇచ్చట ముగియని కథలో ప్రశ్న పుట్టును. ‘మీ యెదుట లోయ, వంతెన తెగిపడినది, వెనుక శత్రువుల గుఱ్ఱపు డెక్కల చప్పుడు, ఏమి చేయుదురు?’ అని గేమ్ మాస్టరడుగును. ‘దూకెదను’ అని యొక ఆటగాడు చెప్పినచో, దూకగలడో లేదో తేల్చుటకు 20 ముఖముల పాచిక వేయుదురు. దాటుటకు 13 కావలెనని నిర్ణయించి, వాని పాత్రకు దూకుటలో గల నేర్పునకు 3 కలుపుదుమనుకొందము. పాచికపై 10 గాని అంతకు మించి గాని పడినచో దాటును, లేనిచో పడును. అనగా నూటికి 55 పాళ్లు దాటు నవకాశము, 45 పాళ్లు ప్రమాదము. ఆ 45 పాళ్ల భయమే యా దూకుటను సాహసకృత్యముగా జేయుచున్నది. ఆటగాని ధైర్యము, పాచిక నిష్పక్షపాతము, గేమ్ మాస్టరు కల్పన యను మూడును కలిసినప్పుడు పుట్టు కథ, ఆ మువ్వురిలో నెవ్వరును ముందుగా నెఱుగని కథ.

చెన్నై త్యాగరాయనగరమున జి. ఎన్. చెట్టి రోడ్డు వెనుక సందులో, ఒక యింటి మేడమీద, ఆదివారపు సాయంకాలములందు ఇట్టి యాట జరుగుచుండగా నేను పలుమారులు కూర్చుండి చూచితిని. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలోనో కళాశాలలోనో ఇంగ్లీషు మాటలాడు పిల్లలు. ఆటలో మూడును కలిసి ప్రవహించును. గేమ్ మాస్టరుగా నుండు యువకుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. పాత క్యాలెండరు అట్టలు నాలుగింటిని గుడ్డపట్టీతో నతికి తెర చేసికొన్నాడు. ఆటగాండ్ర వైపున ఒక కోటబొమ్మ. అతని వైపున చిన్న యక్షరములతో నిండిన కాగితములు: ఏ పనికి ఎంత యంకె కావలెనో, ఆయుధముల వెలయెంతో, విషము తగిలినవానికి ఏమగునో. అన్నింటికంటె నన్నాకర్షించినది ఒక పేర్ల పట్టిక. ఆటగాండ్రు దారిలో కనబడిన ప్రతి గొల్లవానిని, ప్రతి పడవవానిని ‘నీ పేరేమి?’ అని యడుగుదురట. తడుముకొనినచో ఆ మనిషి అప్పుడే పుట్టినవాడని తెలిసిపోవును, వెంటనే చెప్పినచో వాడు ఎల్లకాలము నచ్చటనే యున్నట్లు తోచును. అందుచే ముందుగానే రాఘవులు, పుల్లయ్య, ఆండాళు, గురవయ్య యని వ్రాసికొని, వాడిన పేరు నెల్ల కొట్టివేయుచుండెను. ఆ కొట్టివేతలను చూచినప్పుడు, ఒక్కొక్క గీత వెనుక ఆ పిల్లలు కలిసికొని, బేరమాడి, కొందఱినైతే ప్రేమించిన మనుష్యులున్నారని నాకు స్ఫురించినది.

ఇట్టి తెర వలన జరుగు పనులను వేరు వేరుగా చూడనిదే వివాదము తేలదు. పట్టికలు కంటికెదురుగా నుండుట యొకటి. దానికి తెరయే కానక్కఱలేదు, బల్లపై పఱచిన కాగితమైనను చాలును. గుహలో ఏ మూల నేమి యున్నదో తెలుపు పటమును, రాబోవు ద్రోహమును, హంతకుని పేరును ఆటగాండ్ర కంట బడకుండ కాపాడుట రెండవది. దీనిని కాదనువారు లేరు. గేమ్ మాస్టరు తాను వేయు పాచికలను సైతము చాటున వేసి, పడిన యంకెను తానొక్కడే చూచుట మూడవది. వాదమంతయు ఇందుమీదనే.

ఆట చరిత్రను పరిశీలించినచో ఈ మూడవది మొదటి రెండింటి వెంట నడచి వచ్చినదే కాని, దానికై తెర పుట్టలేదని తోచును. ప్రష్యాలో 1812లో రైస్విట్జ్ అను నతడు రాజునకు సమర్పించిన యుద్ధక్రీడను, అతని కుమారుడు 1824లో సంస్కరించి సైనికాధికారుల శిక్షణకు అనుకూలముగా జేసెను. అందు ఉభయపక్షములవారును తమ యాజ్ఞలను కాగితముపై వ్రాసి మధ్యవర్తి కిత్తురు. నిజమైన రణరంగమున సేనాపతి కెంత కనబడునో అంతయే ఆయా పక్షములకు మధ్యవర్తి చూపును. ఉభయుల రహస్యములు నెఱిగి, ఎవని రహస్యమును ఎవనికి జెప్పని యా మధ్యవర్తియే నేటి గేమ్ మాస్టరునకు మూలపురుషుడు. 1899లో ఇంగ్లండున హెన్రీ మైకేల్ టెంపుల్ ఇదే భావమును చదరంగమునకు తెచ్చి, ఎదుటివాని బలగము తనకు గనబడకుండ ఆడు పద్ధతి నొకదానిని కల్పించెను. అందును మధ్యవర్తి మాత్రమే రెండు వైపులను చూచును. మఱుగుపఱచుట అచ్చట అన్యాయము కాదు, అదియే యాట.

గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు అమెరికనులు రచించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడి, ఈ జాతి యాటల కన్నింటికి ఆద్యమైనది. మొదటి కూర్పున అచ్చువేసినవి వేయి ప్రతులు మాత్రమే. విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవాలో గైగాక్స్ తన యింట ఆట నడపునప్పుడు, కాగితములు దాచు ఇనుప బీరువా సొరుగులను వెలికి లాగి వాని చాటున కూర్చుండెడివాడనియు, ఆటగాండ్రకు ఆయన కంఠస్వరము తప్ప ముఖము గనబడెడిది కాదనియు ఆనాటి ఆటగాండ్రు చెప్పియున్నారు. 1977లో జడ్జెస్ గిల్డ్ అను సంస్థ అచ్చువేసిన అట్టతెరను అమ్మకమునకు పెట్టినది. 1979లో గైగాక్స్ సంస్థయే తన తెరను వెలువరించినది. అదే యేట వచ్చిన ఆయన మార్గదర్శక గ్రంథము, అవసరమని తోచినప్పుడు పాచిక తీర్పును త్రోసివేయు నధికారము గేమ్ మాస్టరునకు కలదని స్పష్టముగా చెప్పినది. అధికారము చేతికి వచ్చినది, దానిని కనబడకుండ వాడుటకు అట్ట వచ్చినది. నాటినుండి, ‘పాచికను దాచవచ్చునా?’ యను ప్రశ్న యీ యాటను విడువలేదు.

తెర యెంతవఱకు నిలువవలెను, ఎప్పుడు తొలగవలెను అను విషయమున మన రంగస్థలమునకు గల అనుభవము తక్కువది కాదు. చిత్తూరు నాగయ్యగారి పూనికతో వాణీమహలను ప్రదర్శనశాలను సంపాదించుకొన్న ఈ త్యాగరాయనగరమున ఆ మాట చెప్పుట సమంజసమే. తోలుబొమ్మలాటలో తెర కథ ముగియువఱకును తొలగదు. అనంతపురపు సీమలోని నిమ్మలకుంట చిత్రకారులు మేకతోలుపై రంగులద్దిన హనుమంతుడు దీపకాంతిలో తెల్లని గుడ్డకు చేరబడినప్పుడు, ఆడించువాడు చాటుననే యుండి, పాడుచు, సంభాషణలు పలుకుచు, కాలితో చప్పుడు చేయుచు యుద్ధమును నడపును. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. అచ్చట తెర మఱుగు కాదు, రంగమే యది. తెర తీసినచో ఆట లేదు.

కూచిపూడివారి తెర వేఱు. భామాకలాపమున ఇరువురు పట్టిన తెర వెనుక సత్యభామ నిలిచి, తన జడను తెరమీదుగా ఇవతలికి వేయును. తన విద్యను మించగలవారున్నచో ఆ జడను కోయవచ్చునను సవాలది యని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. చూచువారికి ముఖము గనబడదు, జడ మాత్రమే కనబడును. కుతూహలము పండిన క్షణమున తెర తొలగును. తొలగిన పిమ్మట సత్యభామ యేమి దాచును? వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను చూచినవారు ఆ ప్రవేశమును జీవితాంతము చెప్పుకొనిరి. 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన వెంపటి చినసత్యంగారు ఈ నగరమునకు ఆ సంప్రదాయమును మఱింత సన్నిహితము గావించిరి. ఇంకొక విశేషమును గమనింపవలెను. కథయంతయు నెఱిగినవాడు, అందఱి ప్రవేశములను నడపువాడు, మాధవియై సత్యభామతో సంభాషించువాడు సూత్రధారుడు. అతనికి తెర లేదు. తాళములు చేతబట్టి రంగముమీదనే, దీపముల వెలుగులోనే నిలుచును. అన్నియు తెలిసినవాడు దాగవలసిన పనిలేదని ఆ నిలుచుట చెప్పుచున్నది.

గేమ్ మాస్టరు ఈ సూత్రధారునికి చుట్టము. అతని కన్నులు పెద్దవగుట, గుసగుసగా మాటలాడుట, రాక్షసుడు గర్జించినప్పుడు చేతులెత్తుట, ఇవన్నియు కథలో భాగములు. నిలువెత్తు అట్ట వెనుక దాగినవాడు వీనిని పోగొట్టుకొనును. గైగాక్స్ బీరువా చాటు స్వరము గంభీరముగానే యుండియుండును. అయినను ఎదుట గూర్చున్న పదుమూడేండ్ల పిల్లకు కావలసినది గాంభీర్యముకంటె చూపు. ఆమె భయపడినదో, విసుగు చెందినదో, మాటాడదలచి మొగమాటపడుచున్నదో తెలియవలెనన్నను ఆ చూపే దిక్కు.

ఇక పాచిక మాట. పైని చెప్పిన మేడమీదనే ఒకనాడు కథ ఎలుగుబంటి గుహకు చేరినది. ఖడ్గధారిణియగు పాత్రను ఆడుచున్న బాలికకు ప్రాణబలము నాలుగు మాత్రమే మిగిలియున్నది. సహచరులు పాఱిపొమ్మన్నను, గాయపడిన మిత్రుని విడువనని ఆమె గుహద్వారమున నిలిచినది. ఎలుగుబంటి పంజా యెత్తినది. గేమ్ మాస్టరు తెర వెనుక పాచిక వేసెను. కొయ్యబల్లపై అది దొర్లిన చప్పుడందఱమును వింటిమి. అతడు చూచెను. ఒక్క క్షణము ఊరకుండెను. “తప్పింది,” అనెను. అందఱు నిట్టూర్చిరి. ఆ బాలిక మాత్రము తెరవంకనే చూచుచు, “నిజంగానే తప్పిందా అన్నా, లేకపోతే నువ్వే తప్పించావా?” అని యడిగినది. అతడు నవ్వి యూరకుండెను. ఆట ముగిసిన పిమ్మట, తన్ను తీసికొనిపోవచ్చిన తల్లితో ఆమె ఎలుగుబంటి కథ చెప్పుచుండగా వింటిని: “బతికిపోయాను” అన్నది గాని, “గెలిచాను” అనలేదు.

ఆ యువకుడు దయతోనే చేసియుండును, చేసియున్నచో. చేయలేదేమో, పాచికయే ఆమెను కాపాడినదేమో. ఇక ఆ సంగతి తేలదు. దాచిన పాచికలో గల కీడంతయు నిదియే. గేమ్ మాస్టరు అబద్ధమాడినచో ఆమె ధైర్యము విలువ కోల్పోవును. నిజమాడినను, తెర యున్నంతవఱకు ఆ నిజమునకు సాక్ష్యము లేదు. ప్రాణమొడ్డి నిలిచిన పాత్రకు, తన ప్రాణము నిజముగా ఒడ్డబడినదని తెలిసికొను హక్కు కలదు. ఆ హక్కును దయ పేర హరింపరాదని నేను గట్టిగా నమ్ముచున్నాను.

దీనికి ఎదురుగా అనుభవజ్ఞులు చెప్పు మాటను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. క్రొత్తగా వచ్చిన పిల్లవాని పాత్ర, వాడు దానికి పేరు పెట్టి తొలి యంకమైనను సరిగా ముగియకమున్నే, త్రోవలో దారితప్పిన బాణము తగిలి చచ్చినచో వాడు మరల రాడు. గేమ్ మాస్టరు తన పొరపాటున శక్తికి మించిన రాక్షసుని నిలిపినచో ఆ తప్పునకు ఆటగాండ్రు చావవలెనా యని వారందురు. కష్టము నిజమైనదే. కాని దానికి మందు పాచికలో లేదు, కథలో నున్నది. పాచిక పడినది పడినట్లే యుండనిచ్చి, దాని ఫలితమును కథలో మలచవచ్చును. వేటు తగిలినది, ఆమె కూలినది, ఎలుగుబంటి ఆమెను చంపక తన పిల్లలున్న లోగుహకు ఈడ్చికొనిపోయినది. ఇప్పుడు మిత్రులు వెంబడింపవలెను. దోపిడికాండ్రు ఓడినవానిని చంపక బంధించి వెల యడుగవచ్చును. రాక్షసుడు దెబ్బ కొట్టి నవ్వి, ‘మూడునెలలలో మరల రా’ యని విడువవచ్చును. ఓటమి ఓటమిగానే నిలిచి, కథ మాత్రము ముందుకు సాగును. దీనికి నేర్పు కావలెను, నిజమే. ఆ నేర్పు గేమ్ మాస్టరుకు వచ్చుటకు గొప్ప యడ్డంకి, చాటున అంకె మార్చు సౌకర్యము చేతికందుబాటులో నుండుటయే.

పాచికను బయట వేసినంత మాత్రమున అన్యాయము సమసిపోదని మన భారతకథ యెఱిగినవారికి చెప్పనక్కఱలేదు. శకుని కపటద్యూతపు పాచికలు భీష్మద్రోణులు చూచుచుండగనే, నిండుసభలో పడినవి. తరువాత అరణ్యపర్వమున బృహదశ్వుడు నలోపాఖ్యానము చెప్పి ధర్మరాజునకు అక్షహృదయమను పాచికల విద్య నుపదేశించెను. మోసము వేయుచోటనే కాక పాచికలోను ఉండవచ్చును. అందుచే బయట వేయుటతోపాటు, గేమ్ మాస్టరును ఆటగాండ్రును ఒకే పాచికలతో ఆడుట మేలు.

అయితే కొన్ని పాచికలు దాచకతప్పదు. ‘ఈ గదిలో రహస్యద్వార మున్నదేమో వెదకెదను’ అని ఆటగాడన్నప్పుడు, బయట వేసిన పాచికపై 2 పడినచో, తాను సరిగా వెదకలేదని అతనికి తెలిసిపోవును. పాత్రకు తెలియని సంగతి ఆటగానికి తెలిసి, మరియొకరు వచ్చి వెదకెదమందురు. అట్టిచోట ‘ఏమియు కనబడలేదు’ అను మాటకు గల అనిశ్చయమే రసము. 1981లో వెలువడిన ‘కాల్ ఆఫ్ క్తుల్హూ’ వంటి భయానకరస ప్రధానమైన ఆటలకు ఈ అనిశ్చయము ప్రాణము. ఎదుటి మనిషి అబద్ధమాడుచున్నాడా, త్రాగిన నీటిలో విషమున్నదా యను సందేహములును ఇట్టివే. ఇందు దాచుట వలన ఆటగాని సాహసము చౌకబాఱదు. అజ్ఞానము పాత్రకెంతయో ఆటగానికి నంతయే యగును. ప్రష్యా మధ్యవర్తి చేసిన పనియు నిదియే.

తరువాతి కాలపు రచయితలు కొందఱు ఈ చిక్కును మొదలంటనే త్రుంచివేసిరి. 1991 నాటి ‘ఆంబర్’ ఆటలో పాచికలే లేవు. 2010లో వచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’లోను, 2013లో వచ్చిన ‘న్యూమెనెరా’లోను పాచిక లాటగాండ్రే వేయుదురు, గేమ్ మాస్టరు వేయడు. రాక్షసుని వేటు తగులునా యని అతడు వేయుటకు మాఱు, ఆ వేటును తప్పించుకొందువా యని ఆటగాడు వేయును. వేయని పాచికను దాచు ప్రశ్నయే లేదు. 2012 నుండి ‘రోల్20’ వంటి సాధనముల మూలమున ఊరికొకరుగా నున్నవారును కంప్యూటరుపై కలిసి యాడుచున్నారు. కడపలోని తమ్ముడు, డాలసులోని అక్క ఒకే గుహలో నడువవచ్చును. పటములో చూడవలసినంత భాగమే చూపుట యంత్రమే చేయును, పడిన యంకె యందఱికి నొకేసారి కనబడును. గేమ్ మాస్టరు కోరినచో తనకు మాత్రమే కనబడునట్లు వేయుట అచ్చటను గలదు. కావున పరికరము మాఱినను నిర్ణయము మనుష్యునిదే.

నెట్‌ఫ్లిక్సున 2016లో వచ్చిన ‘స్ట్రేంజర్ థింగ్స్’ ధారావాహిక మొదటి భాగమున నలుగురు బాలురు ఈ యాటయే ఆడుచుందురు. విల్ అను బాలుడు వేసిన పాచిక బల్ల దాటి క్రిందపడి దొర్లిపోవును. గేమ్ మాస్టరగు మైక్ దానిని చూడడు. చూడలేదు గనుక లెక్కకు రాదని తోడివాడొకడు విల్‌కు నచ్చజెప్పును. ఇంటికి పోవునప్పుడు విల్ ఆగి, పడినది ఏడేయనియు, రాక్షసుడు తన్ను పట్టుకొనెననియు మైక్‌తో చెప్పిపోవును. ఆటగాడు తనకు ప్రతికూలమైన యంకెను దాచనొల్లనప్పుడు, గేమ్ మాస్టరు మాత్రము తనకు నచ్చని యంకెను దాచుట ఏ న్యాయము?

కొన్నివారముల తరువాత మరల ఆ మేడకు పోయినప్పుడు అట్టలు నాలుగింటిని జానెడెత్తునకు కత్తిరించియుండిరి. పటమునకును పేర్ల పట్టికకును అంత మఱుగు చాలును. ఆ యువకుని ముఖము, చేతులు అందఱికిని కనబడుచున్నవి. బల్ల నడుమ స్టీలు పళ్ళెము. ప్రాణముల మీదికి వచ్చిన ప్రతి పాచికయు అందులోనే పడవలెనని ఏర్పాటు చేసికొనిరి. వెదకుట, అనుమానించుట వంటివానికి మాత్రము తెర చాటు. వేయుటకు ముందు ఎంత పడిన తగులునో గేమ్ మాస్టరు పైకి చెప్పవలెననియు, చెప్పిన పిమ్మట మార్చరాదనియు మరియొక నియమమును చేర్చినది ఎలుగుబంటి నెదిరించిన బాలికయేనట. ఆనాడు ఆమె పాత్ర నదిలో మొసలితో పోరాడినది. ‘14 గానీ ఆపైన గానీ పడితే నీ కాలు దాని నోట్లోనే’ అని అతడు ముందుగా చెప్పి, పళ్ళెములో పాచిక వేసెను. 16 పడినది. ఆమె పెద్దగా అఱచి, కాలు మొసలి నోటనుండగనే తన వంతు కత్తివేటుకై పాచిక నందుకొన్నది.